చదివింది చెప్పి చిరునామా చెప్పని చరిత్రకారుడు: ఫ్రెంచి ఆర్కైవ్స్‌లో జూల్ మిష్లే

1871 మే 24న పారిస్ నగరసభ భవనమైన ఓతెల్ ద వీల్ తగలబడింది. పారిస్ పాలనను చేజిక్కించుకున్న కమ్యూన్ తిరుగుబాటును ప్రభుత్వ సేనలు అణచివేస్తున్న ఆ రక్తసిక్త వారంలో నగరంలో ఎన్నో భవనాలు మంటల పాలయ్యాయి. కాగితాల విషయంలో మాత్రం ఈ మంటను మించిన నష్టం మరొకటి లేదు. 1860కి ముందు పారిస్‌లో జరిగిన జనన, వివాహ, మరణాల రిజిస్టర్లు రెండేసి ప్రతులుగా ఉండేవి. ఒక ప్రతి నగరపాలనా విభాగం దగ్గర, రెండోది న్యాయస్థాన భవనంలో భద్రపరిచేవారు. ఒకే వారంలో రెండూ బూడిదయ్యాయి. దాదాపు 80 లక్షల నమోదులు పోయాయని అంచనా. వాటితోపాటు 1789లో మొదలైన మహావిప్లవ కాలంనాటి పారిస్ నగరసభ రిజిస్టర్లు, పోలీసు ప్రధాన కార్యాలయంలో దాచిన వార్డు సభల నమోదు పుస్తకాలు చాలావరకు నాశనమయ్యాయి. ఆ పుస్తకాలను కట్టలు విప్పి, పుట పుటా తిరగేసి చదివిన కొద్దిమందిలో ఒకరైన జూల్ మిష్లే ఆ వసంతంలో ఇటలీలో పక్షవాతంతో మంచం పట్టి ఉన్నాడు.

విప్లవ చరిత్రను ఆయన 7 సంపుటాలుగా అప్పటికే, 1847కీ 1853కీ మధ్య, రాసి ప్రచురించాడు. కాలిపోయిన కాగితాలలో ఏముందో తెలుసుకోవాలనుకునే వారికి ఆ సంపుటాలు ఒక ముఖ్యమైన ఆధారం అయ్యాయి. చిక్కు ఏమిటంటే, తాను చెప్పే సంగతి ఏ రిజిస్టరులో ఏ పుటలో ఉందో మిష్లే అరుదుగా తప్ప చెప్పడు. ఇరవై రెండేళ్లపాటు జాతీయ దస్తావేజుల మధ్య ఉద్యోగం చేసిన మనిషి, ఆర్కైవ్స్ లేనిదే చరిత్ర లేదని ప్రకటించిన మనిషి, తన పాఠకుడికి ఆ కాగితం చిరునామా ఎందుకు ఇవ్వలేదన్నది ఆయన జీవితాన్ని అర్థం చేసుకోవడానికి మంచి ప్రశ్న. దీనికి అజాగ్రత్త అన్న ఒక్కమాట జవాబు కాదు.

మిష్లే 1798 ఆగస్టు 21న పారిస్‌లో, విప్లవ కాలంలో మూతపడిన ఒక సన్యాసినుల మఠానికి చెందిన పాత చర్చిలో పుట్టాడు. తండ్రి ఆ చర్చి భవనంలో అచ్చుయంత్రం పెట్టుకుని, కుటుంబంతో అక్కడే కాపురం ఉండేవాడు. ప్రార్థనలు ఆగిపోయిన గోడల మధ్య అచ్చుయంత్రం ఆడడం ఆ కాలపు ఫ్రాన్స్‌కు చక్కని చిత్రమే. అయితే ఆ కుటుంబానికి అది కడుపు నింపిన సంస్థ కాదు. పత్రికల మీద, అచ్చు మీద నెపోలియన్ ప్రభుత్వం బిగించిన ఆంక్షల వల్ల పని తగ్గుతూ వచ్చింది. పారిస్‌లో ఉండదగిన ప్రింటర్ల సంఖ్యను 1810 నాటి ఉత్తర్వు కుదించింది. 1812లో ఆ చిన్న ప్రెస్ మూతపడింది. అంతవరకూ కుర్రవాడు నేలమాళిగలో కూర్చుని సీసపు అక్షరాలు పేర్చేవాడు. భావాలను కూర్చడానికి ముందే తాను అక్షరాలను కూర్చానని మిష్లే 1846లో వచ్చిన ఒక పుస్తకంలో రాసుకున్నాడు. పారిస్ వీధిలో రెండు రాళ్ల సందున ఎండ తగలకుండా మొలిచిన గడ్డిపరకతో తన పుట్టుకను పోల్చుకున్నదీ ఆ పుస్తకంలోనే.

చరిత్ర మీద తొలి ఆసక్తి ఎక్కడ కలిగిందో కూడా ఆయనే చెప్పాడు. విప్లవకారుల చేతిలో ధ్వంసం కాకుండా కాపాడిన రాజుల, రాణుల సమాధి శిల్పాలను అలెగ్జాండర్ లెన్వార్ అనే ఆయన ఒక పాత మఠంలో చేర్చి ప్రదర్శనశాలగా నడిపేవాడు. మసక వెలుతురు గదులలో పడుకున్న ఆ రాతి మనుషులను చూస్తూ, వాళ్లు నిజంగా చనిపోయారా అన్న అనుమానం పసివాడికి కలిగేదట. ఇదంతా పెద్దయ్యాక అల్లుకున్న జ్ఞాపకం కావచ్చు. కాని మృతులు మాట్లాడతారు అనే ఈ ఊహ ఆయనను చివరిదాకా విడిచిపెట్టలేదు. దాని మంచీ చెడూ రెండూ ఆర్కైవ్స్‌లో బయటపడ్డాయి.

చదువు ఆయనను పేదరికం నుంచి గట్టెక్కించింది. 1819లో డాక్టరేటు, 1821లో ఉపాధ్యాయులను ఎంపిక చేసే జాతీయ పోటీ పరీక్షలో ఉత్తీర్ణత, 1827లో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే ఎకోల్ నార్మాల్‌లో అధ్యాపక పదవి వరసగా వచ్చాయి. ఆ 1827లోనే ఇటలీ తత్వవేత్త వీకో రచనను ఫ్రెంచిలోకి తెచ్చాడు. మానవ సమాజాన్ని మనుషులే నిర్మించుకున్నారు గనుక మనుషులే దాన్ని అర్థం చేసుకోగలరన్న వీకో మాట మిష్లేకు జీవితాంతం ఊతకర్ర అయింది. మరుసటి ఏడాది నుంచి రాజు పదో చార్లెస్ మనవరాలికి చరిత్ర పాఠాలు చెప్పడానికి రాజభవనానికి వెళ్లేవాడు. 1830 జూలైలో మూడు రోజుల తిరుగుబాటు ఆ రాజును దింపి లూయీ ఫిలిప్‌ను గద్దె ఎక్కించింది. రాజవంశం మారినా మిష్లే రాజభవన పాఠాలు ఆగలేదు, ఈసారి శిష్యురాలు కొత్త రాజు కూతురు. జూలై పిడుగు వెలుగులో తనకు ఫ్రాన్స్ మొత్తం ఒక వ్యక్తిలాగా కనిపించిందని ఆయన నలభై ఏళ్ల తరువాత రాసుకున్నాడు. ఆ పిడుగు ఒక ఉద్యోగం కూడా తెచ్చిపెట్టిందన్న సంగతి అంత కవితాత్మకంగా ఉండదు కాని, చరిత్రకు అదే ఎక్కువ ఉపయోగపడింది. కొత్త ప్రభుత్వంలో హోంమంత్రి అయిన గీజో స్వయంగా చరిత్రకారుడు. ఆయన చొరవతో 1830 అక్టోబరులో మిష్లే రాజ్య ఆర్కైవ్స్‌లోని చారిత్రక విభాగానికి అధిపతి అయ్యాడు.

ఆ ఆర్కైవ్స్ ఎలాంటి చోటో తెలియకపోతే ఆ ఉద్యోగం విలువ తెలియదు. ఫ్రెంచి జాతీయ ఆర్కైవ్స్ విప్లవానికి పుట్టిన బిడ్డ. 1789 ఆగస్టులో జాతీయ సభ తన కాగితాల కోసం కామ్యూ అనే న్యాయవాదిని భద్రాధికారిగా ఎన్నుకోవడంతో అది మొదలైంది. కొద్ది ఏళ్లలోనే రద్దయిన మఠాల, రాజసంస్థల, వలస పోయిన ప్రభువుల దస్తావేజులన్నీ బండ్ల మీద వచ్చి పడ్డాయి. ఏది ఉంచాలి, ఏది కాల్చాలి అని తేల్చడానికి ఏరివేత కార్యాలయం ఒకటి ఏర్పడింది. జమీందారీ హక్కుల పత్రాలను తగలబెట్టమని 1793 జూలైలో చట్టమే వచ్చింది. మరుసటి ఏడాది, 1794 జూన్ 25న చేసిన చట్టం మాత్రం ప్రతి పౌరుడూ ప్రభుత్వ భాండాగారాలలోని పత్రాలను నిర్ణీత దినాలలో రుసుము లేకుండా అడిగి చూడవచ్చునని శాసించింది. ఒక చేత్తో కాల్చి, మరో చేత్తో తలుపు తెరిచిన కాలం అది. ఏరివేత కార్యాలయాన్ని మిష్లే పత్రాల మీద కూర్చున్న విప్లవ న్యాయస్థానంగా వర్ణించాడు. ఆ తీర్పులలో ఎన్ని తోలుకాగితాలకు మరణశిక్ష పడిందో ఆ భవనంలో పనిచేసిన వారికి తెలుసు.

1808లో నెపోలియన్ ఈ కాగితాలను మారే పేటలోని ఓతెల్ ద సూబీజ్ అనే ప్రభువుల భవంతికి చేర్పించాడు. చక్రవర్తి ఆశ అక్కడితో ఆగలేదు. యూరప్ జ్ఞాపకమంతా పారిస్‌లో ఉండాలని, 1810 మొదలుకొని వాటికన్ ఆర్కైవ్స్‌ను ఆల్ప్స్ దాటించి తెప్పించాడు. ఆయన పతనం తరువాత వాటిని తిప్పి పంపవలసి వచ్చింది. అన్నిటికీ వర్గాలు నిర్ణయించి, ఒక్కో వర్గానికి ఒక్కో అక్షరం కేటాయించినవాడు దోనూ. జె అంటే రాజుల సనదుల నిధి, కె అంటే చారిత్రక పత్రాలు, ఎల్ అంటే మతసంస్థల పత్రాలు. ఈ అక్షరాలు నేటికీ వాడుకలో ఉన్నాయి. 1815లో పదవి పోగొట్టుకున్న దోనూ, 1830లో మళ్లీ ఆర్కైవ్స్ పెద్దగా వచ్చాడు. ఆయన కింద చారిత్రక విభాగాన్ని చూసుకోవడమే మిష్లే పని. జాబితాలు తయారు చేయించడం, మంత్రిత్వ శాఖలూ పండితులూ అడిగిన పత్రాలు వెతికించడం, కట్టల వర్గీకరణను కనిపెట్టి ఉండడం వంటి గుమాస్తాగిరి అందులో చాలానే ఉంటుంది. 1835లో నైరుతి ఫ్రాన్స్ జిల్లాల గ్రంథాలయాలను, ఆర్కైవ్స్‌ను తిరిగి చూసి విద్యామంత్రికి నివేదిక సమర్పించడమూ ఆ కోవలోదే.

ఈ గుమాస్తాగిరి నుంచే ఫ్రెంచి గద్యంలో పేరెన్నిక గన్న ఒక పుట పుట్టింది. 1833లో వెలువడిన ఫ్రాన్స్ చరిత్ర రెండో సంపుటం చివర, అనుబంధంలో, మిష్లే తన ఆఫీసును వర్ణించాడు. ఆ గదుల నిశ్శబ్దంలో మొదటిసారి అడుగు పెట్టినప్పుడు అది చావు నిశ్శబ్దం కాదని, లోపల ఏదో కదలిక, గొణుగుడు ఉందని తనకు అర్థమైందన్నాడు. ఆ కాగితాలు కాగితాలు కావు, మనుషుల, రాష్ట్రాల, జాతుల బతుకులన్నాడు. ధూళి పీలుస్తుంటే అవి ఒక్కొక్కటే లేచి, సమాధి లోంచి కొన్ని చేతిని, కొన్ని తలను బయటికి చాపుతున్నాయన్నాడు. అందరూ ఒకేసారి మాట్లాడబోతే, "మెల్లగా, అయ్యా మృతులారా, దయచేసి వరసలో రండి" అని బతిమాలుకున్నాడు.

ఈ పుటను కేవలం కవిత్వంగా చదివి ముగించడం పొరపాటు. చివరి వాక్యంలో చమత్కారం ఉంది, ఆ చమత్కారంలో ఆర్కైవిస్టు ఉన్నాడు. వరసలో రండి అనడం వర్గీకరణాధికారి మాట. చిత్రమేమంటే, ఆ వరస గురించి ఫ్రెంచి ఆర్కైవ్స్ ప్రపంచం అదే కాలంలో చాలా కచ్చితమైన సూత్రాన్ని రూపొందిస్తోంది. 1841 ఏప్రిల్ 24న హోంమంత్రిత్వ శాఖ జిల్లా ఆర్కైవ్స్‌కు పంపిన సర్క్యులర్, నతాలి ద వాయి అనే అధికారి ఆలోచన ఫలితం. ఒక మఠం నుంచి వచ్చిన కాగితాలన్నీ ఒక కుదురుగానే ఉండాలి, ఒక కుటుంబం నుంచి వచ్చినవన్నీ ఒక కుదురుగానే ఉండాలి, విషయాన్ని బట్టి వాటిని చెదరగొట్టి కలిపేయకూడదన్నది దాని సారాంశం. ప్రపంచంలోని చాలా ఆర్కైవ్స్ నేటికీ ఈ మూలధర్మాన్ని పాటిస్తున్నాయి. పత్రం ఏం చెబుతుందో తెలియాలంటే ముందు అది ఎవరింటిదో తెలియాలన్నది వాయి పట్టుదల. పత్రంలో ఎవరు మాట్లాడుతున్నారో వింటే చాలునన్నది మిష్లే స్వభావం. ఒకే తరానికి చెందిన ఈ ఇద్దరి మధ్య దూరంలోనే మిష్లే బలహీనత మొత్తం ఇమిడి ఉంది. పాత లిపులు, పత్రాల ప్రామాణ్యం నేర్పడానికి 1821లో స్థాపించిన ఎకోల్ దె షార్త్‌లో ఆయన చదవలేదన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఆర్కైవ్స్‌కు ఆయన తరగతి గది నుంచి వచ్చాడు.

అలాగని ఆ క్రమశిక్షణ ఆయనకు చేతకాదని అనలేము. టెంప్లార్ల విచారణ పత్రాలు అందుకు సాక్ష్యం. 14వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్ రాజు ఫిలిప్ ఆ సైనిక సన్యాసులను మూకుమ్మడిగా అరెస్టు చేయించిన తరువాత, పోపు నియమించిన కమిషన్ పారిస్‌లో వారిని ప్రశ్నించి నమోదు చేసిన లాటిన్ వాంగ్మూలాలను మిష్లే 1841లో ఒక సంపుటంగా, 1851లో రెండో సంపుటంగా ప్రచురించాడు. ప్రభుత్వం గీజో చొరవతో ప్రారంభించిన అముద్రిత పత్రాల గ్రంథమాలలో అవి వెలువడ్డాయి. వాటిలో గద్యకారుడి గొంతు పెద్దగా వినబడదు, సన్యాసుల గొంతులే వినబడతాయి. టెంప్లార్ల మీద పనిచేసేవారు ఇప్పటికీ వాటిని తెరవక తప్పదు. మిష్లే పేరు చెప్పగానే ఎవరికీ గుర్తురాని ఈ రెండు సంపుటాలే వృత్తిపరంగా ఆయన చేసిన అత్యంత నికార్సైన పని అనిపిస్తుంది.

ఫ్రాన్స్ చరిత్ర మొదటి ఆరు సంపుటాలు 1833 నుంచి 1844 వరకు, అంటే ఆర్కైవ్స్ ఉద్యోగం నిలకడగా సాగిన కాలంలో వచ్చాయి. 11వ లూయీ మరణం దాకా నడిచిన ఆ కథనంలో సనదులు, న్యాయస్థానాల తీర్పులు, జమాఖర్చు లెక్కలు నేరుగా ప్రవేశించాయి. తనకు ముందు 1830 దాకా అచ్చు పుస్తకాలకు బయట చరిత్రను వెతకవలసిన అవసరం ఏ చరిత్రకారుడికీ తోచలేదని 1869 ముందుమాటలో మిష్లే గొప్పగా చెప్పుకున్నాడు. ఇది అతిశయోక్తి. 17వ శతాబ్దంలోనే మాబియ్యోఁ వంటి బెనెడిక్టిన్ సన్యాసులు తోలుకాగితాలను పరీక్షించే శాస్త్రాన్ని నిర్మించారు. అయితే ఆ సన్యాసులు పత్రాలను పరీక్షించి ప్రచురించారే గాని, వాటి నుంచి సామాన్య పాఠకుడు రాత్రి నిద్ర మానుకుని చదివే దేశచరిత్రను అల్లలేదు. మిష్లే గొప్పను ఆ మేరకు ఒప్పుకోవచ్చు.

ఆ రోజులలో ఆయన సొంత బతుకులోనూ మృత్యువు దగ్గరగానే తిరిగింది. 1824లో పెళ్లాడిన పోలీన్ 1839లో క్షయతో చనిపోయింది. కొన్ని వారాల తరువాత ఆమె శవపేటికను మరో చోటికి మార్చడానికి తవ్వినప్పుడు మిష్లే దగ్గరుండి చూశాడు, చూసినదాన్ని దినచర్యలో రాసుకున్నాడు. సమాధి తెరవడం ఆయనకు అలంకారం మాత్రమే కాదని తెలియడానికి ఈ సంగతి చాలు.

1838లో కొలేజ్ ద ఫ్రాన్స్ అనే పారిస్ ఉన్నత విద్యాసంస్థలో చరిత్ర పీఠం దక్కింది. పగలు కొంతసేపు ఆర్కైవ్స్, వారానికి కొన్ని గంటలు కిక్కిరిసిన ఉపన్యాసశాల. 1843లో సహాధ్యాపకుడు ఎడ్గార్ కినేతో కలిసి జెసూట్ సన్యాసుల మీద ఇచ్చిన ఉపన్యాసాలు చర్చినీ ప్రభుత్వాన్నీ చికాకు పెట్టాయి. 1848 జనవరిలో ఆయన పాఠాలను నిలిపివేశారు. లూయీ ఫిలిప్‌ను దింపిన ఫిబ్రవరి విప్లవం ఆయనను తిరిగి పీఠం ఎక్కించింది. ఈ గొడవల మధ్యనే, 11వ లూయీ దగ్గర ఆపిన కథను అక్కడే వదిలి, మూడు శతాబ్దాలు దాటి 1789కి దూకాడు. రాజుల కథ చెప్పాలంటే ముందు ప్రజల నమ్మకం తనలో స్థిరపడాలన్నది ఆయన ఇచ్చిన కారణం.

విప్లవ చరిత్రలో ఆయన కథానాయకుడు ఏ నాయకుడూ కాదు, జనం. ఈ మాట అంతకుముందూ కొందరు అన్నారు కాని, జనం ఏం చేశారో తెలిపే కాగితాలను వెతికినవారు తక్కువ. అప్పటికి చాలామంది చరిత్రకారులకు ప్రధాన ఆధారం మోనితర్ అనే పత్రికలో అచ్చయిన జాతీయ సభ చర్చలు. సభా వేదిక మీద మాట్లాడినవారే అందులో కనిపిస్తారు, అదీ ఆనాటి అధికారం అనుమతించిన రూపంలో. మిష్లే మోనితర్‌ను అనుమానించి మూడు చోట్లకు వెళ్లాడు. మొదటిది తన సొంత కార్యాలయమైన ఆర్కైవ్స్. 1790లో పల్లెలు, పట్టణాలు ఒకదానితో ఒకటి కలిసి చేసుకున్న సౌభ్రాత్ర ఉత్సవాల గురించి ఊరూరి నుంచి వచ్చిన నివేదికలు ఆయనకు అక్కడ దొరికాయి. ఆ కాగితాలను ఆయన ప్రేమలేఖలలా చదివాడు. రెండోది ఓతెల్ ద వీల్‌లోని నగరసభ రిజిస్టర్లు. మూడోది పోలీసు కార్యాలయంలోని వార్డు సభల నమోదులు. 1792 ఆగస్టు 10న రాజభవనం మీద దాడికి ఏ వార్డు ఎప్పుడు కదిలింది, సెప్టెంబరు జైలు హత్యల రోజులలో ఎవరు కళ్లు మూసుకున్నారు వంటి ప్రశ్నలకు జవాబులు ఈ చివరి రెండు చోట్లే ఉండేవి. 1871లో తగలబడినవి సరిగ్గా ఆ రెండు చోట్లే.

ఇక అధోజ్ఞాపికల, అంటే పుట అడుగున ఇచ్చే ఆధార సూచనల సంగతి. మిష్లే చరిత్రలో ఆధారాల సూచనలు లేవని విమర్శించినవారిలో గట్టివాడు లూయీ బ్లాన్. 1848 తరువాత లండన్‌లో ప్రవాసం ఉంటూ 12 సంపుటాల విప్లవ చరిత్రను పూర్తి చేసిన ఆయనకు బ్రిటిష్ మ్యూజియంలోని విప్లవకాలపు కరపత్రాల సేకరణ ముఖ్య ఆధారం. మిష్లే 1868లో కొత్త ముద్రణ ముందుమాటలో ఎదురుదాడికి దిగాడు. పారిస్ చేతిరాత రిజిస్టర్లు చూడకుండా లండన్‌లో కూర్చుని పారిస్ విప్లవాన్ని ఎలా రాస్తారన్నది ఆయన వాదం. అచ్చు కరపత్రాలు ఎన్ని వేలున్నా వార్డు సభ గుమాస్తా రాత్రికి రాత్రి రాసిన నాలుగు వాక్యాలకు సాటిరావన్నది నిజమే గనుక ఆ వాదంలో బలం ఉంది. అయితే అది బ్లాన్ వేసిన ప్రశ్నకు జవాబు కాదు. నువ్వు చూశావు సరే, మేమెలా చూడాలి అన్నది ఆ ప్రశ్న. అడుగడుగునా ఆధారం చూపితే కథనం తెగిపోతుందని మిష్లే నమ్మాడు. మృతులు తన ద్వారా మాట్లాడుతున్నారని నమ్మిన మనిషికి, మాట్లాడుతున్నవాణ్ణి మధ్యలో ఆపి అతని చిరునామా అడగడం మర్యాద కాదనిపించి ఉంటుంది.

కాగితాలు ఉన్నంతకాలం ఇది మర్యాద సమస్యే. ఎవరికి అనుమానం వస్తే వారు ఓతెల్ ద వీల్‌కు వెళ్లి చూసుకోవచ్చు. కాగితాలు పోయాక అది జ్ఞాన సమస్య అయింది. ఇక్కడ మరో చరిత్రకారుణ్ణి పక్కన నిలబెట్టి చూడాలి. విప్లవ ప్రభుత్వం మూకుమ్మడి మరణశిక్షలతో పాలించిన భీతావహ కాలం మీద లూయీ మొర్తిమే-తెర్నో 1862 నుంచి ప్రచురించిన చరిత్ర రాజకీయంగా మిష్లేకు పూర్తిగా ఎదురు ధోరణిది, విప్లవం పట్ల శత్రుత్వం దాచుకోనిది. శైలి పరంగా మిష్లే పక్కన దానికి చోటే లేదు. కాని ఆయన సంపుటాల చివర మూల పత్రాలను ఉన్నవి ఉన్నట్లు అచ్చు వేశాడు. అసలు ప్రతులు కాలిపోయాక, విప్లవాన్ని ప్రేమించే పరిశోధకులు సైతం ఆ విప్లవద్వేషి అనుబంధాలనే ఆశ్రయించవలసి వచ్చింది. మిష్లే పుటలలో తగిలే వివరాన్ని మాత్రం వారు తూచి తూచి వాడుకోవాలి. ఆయన చూసే రాశాడని చాలాచోట్ల తెలుస్తూనే ఉంటుంది, చూసినది ఎక్కడ ముగిసి ఊహించినది ఎక్కడ మొదలైందో తెలియదు.

1851 మార్చిలో మిష్లే పాఠాలు మరోసారి ఆగిపోయాయి. డిసెంబరులో దేశాధ్యక్షుడు లూయీ నెపోలియన్ కుట్రతో అధికారం చేజిక్కించుకున్నాడు. 1852 ఏప్రిల్‌లో కినేతో పాటు, పోలిష్ కవి మికీవిచ్‌తో పాటు మిష్లేను కొలేజ్ ద ఫ్రాన్స్ నుంచి తొలగించారు. ఆర్కైవ్స్ ఉద్యోగం నిలబడాలంటే కొత్త పాలకుడికి విధేయతా ప్రమాణం చేయాలి. చేయనన్నాడు. ఆ జూన్‌లో 22 ఏళ్ల ఉద్యోగం ముగిసింది. 1849లో పెళ్లాడిన రెండో భార్య అతెనాయిస్‌తో కలిసి, చేతిలో డబ్బు లేక, నాంత్ నగరం శివార్లలో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. విప్లవ చరిత్ర చివరి సంపుటాలు అక్కడ తయారయ్యాయి. పారిస్ ఆర్కైవ్స్ దూరమయ్యాయి కాని, నాంత్ అంటే విప్లవానికి ఎదురు తిరిగిన వాందే ప్రాంతపు అంతర్యుద్ధానికి గుమ్మం. ఖైదీలను పడవలకెక్కించి లువార్ నదిలో ముంచి చంపించిన కారియే పాలించిన ఊరు. అక్కడి స్థానిక పత్రాలు ఆయనకు అందుబాటులోకి వచ్చాయి. ఉద్యోగం పోగొట్టుకున్న ఆర్కైవిస్టు భీతావహ కాలాన్ని ఆ కాలం అత్యంత క్రూరంగా గడిచిన పట్టణాలలో ఒకదానిలో కూర్చుని రాయడం ఆ సంపుటాలకు చీకటి రంగు అద్దింది.

ఆ తరువాతి రచనలలో తేడా స్పష్టం. 1855లో వెలువడిన సంపుటానికి ఆయన "రెనెసాన్స్" అని పేరు పెట్టాడు. కళలకు, సాహిత్యానికి పరిమితమై ఉన్న ఆ మాటను ఒక చారిత్రక యుగం పేరుగా, లోకాన్ని, మనిషిని మనుషులు కొత్తగా కనుక్కున్న కాలంగా స్థిరపరచడంలో మిష్లేది పెద్ద చేయి. ఇటలీ రెనెసాన్స్ మీద స్విస్ చరిత్రకారుడు బుర్క్‌హార్ట్ రాసిన గ్రంథం దీనికి ఐదేళ్ల తరువాతిది. ఇంతటి పేరు పెట్టగలిగినా, 1867 దాకా సాగిన ఈ రెండో వరస సంపుటాలలో మొదటి ఆరింటి సమతూకం లేదు. రాజుల అజీర్తి, వారి పుండ్లు, అంతఃపుర రహస్యాలు పుటల నిండా పరుచుకుంటాయి. వయసు, కోపం, చర్చి మీద ద్వేషం అందుకు కొంత కారణమే. అసలు కారణం వేరే ఉందనిపిస్తుంది. రోజూ కళ్లముందు కాగితం ఉన్నవాడికి ఆ కాగితమే కొంత కళ్లెం వేస్తుంది. ఆ కళ్లెం 1852తో తెగిపోయింది.

అదే సమయంలో పొట్ట గడవడానికి, మనసు తేలిక చేసుకోవడానికి అతెనాయిస్ సాయంతో పక్షుల మీద, కీటకాల మీద, సముద్రం మీద, కొండల మీద పుస్తకాలు రాశాడు. అవి బాగా అమ్ముడుపోయాయి. తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే పుస్తకం వీటికి ఆవల ఉంది. 1864లో వచ్చిన మానవజాతి బైబిల్ అనే గ్రంథాన్ని ఆయన భారతదేశంతో, అందునా రామాయణంతో మొదలుపెట్టాడు. 1863వ సంవత్సరం తనకు ఎప్పటికీ ప్రియమైనదని, ఆ ఏడే దివ్యమైన రామాయణాన్ని తొలిసారి చదవగలిగానని అందులో రాశాడు. సంస్కృతం రాని ఆయన దాన్ని అనువాదంలోనే చదివాడు. పశ్చిమాన అంతా ఇరుకుగా ఉందని, గ్రీసు చిన్నదిగా ఉందని, ఊపిరి తిప్పుకోవడానికి తూర్పు వైపు తిరిగానని చెప్పుకున్నాడు. వానరులతో, పక్షులతో మనిషి చెలిమి చేసే కావ్యం పక్షుల పుస్తకం రాసిన చేతికి నచ్చడంలో ఆశ్చర్యం లేదు. అయినా అది చరిత్రకారుడి చదువు కాదు, ధూళి లేని చోట ధూళి కోసం వెతుక్కున్న చదువు.

మిష్లే 1874 ఫిబ్రవరి 9న దక్షిణ సముద్రతీరాన ఇయేర్ పట్టణంలో కన్నుమూశాడు. మొదట అక్కడే ఖననం చేశారు. అతెనాయిస్ పట్టుబట్టి 1876 మేలో ఆ భౌతికకాయాన్ని పారిస్‌లోని పేర్ లాషేజ్ శ్మశానానికి తెప్పించింది. చరిత్ర అంటే పునరుత్థానం అన్న ఆయన మాటనే అక్కడి సమాధి మీద చెక్కారు. పోలీన్ శవపేటిక తవ్వించిన మనిషి శవపేటికకూ అదే గతి పట్టింది.

ఆయన కాగితాలకు ఏం జరిగిందన్నది ఇంకా ఆసక్తికరం. అతెనాయిస్ మరో 25 ఏళ్లు బతికింది. భర్త చిత్తుప్రతుల నుంచి, దినచర్యల నుంచి, ఉత్తరాల నుంచి కొత్త పుస్తకాలు కూర్చి ఆయన పేరుతోనే అచ్చు వేయించింది. బాల్యయౌవనాల కథగా 1884లో వచ్చిన పుస్తకం, తొలి దినచర్యగా 1888లో వచ్చిన పుస్తకం అలాంటివి. ఆమె వాక్యాలు దిద్దింది, పేరాలు అటూ ఇటూ మార్చింది, తనకు నచ్చనివి తీసేసింది, ఎక్కడెక్కడ ఆ పని చేసిందో చెప్పలేదు. దీనికి ఆమెను తప్పుపట్టిన పండితులు చాలామంది. మృతుడి గొంతుతో తాను మాట్లాడడం ఆమె ఎవరి దగ్గర నేర్చుకుందో మాత్రం వారిలో కొందరికే తట్టింది. 1899లో ఆమె మరణం తరువాత ఆ కాగితాలు చరిత్రకారుడు గాబ్రియెల్ మొనో చేతికి వచ్చాయి. అసలు దినచర్య ఫ్రెంచి విద్యాపరిషత్తుకు చేరి, 1950 దాకా మూతపడి ఉంది. 1959 నుంచి పోల్ వియలనెక్స్ సంపాదకత్వంలో దాని మూలపాఠం సంపుటాలుగా వెలువడడం మొదలైంది. పుటల తేదీలు, కొట్టివేతలు, చించేసిన చోట్లు అన్నీ చూపుతూ, మిష్లే ఎప్పుడూ ఓపిక పట్టని పద్ధతిలో, వందల కొద్దీ అధోజ్ఞాపికలతో ఆ సంపుటాలు సిద్ధమయ్యాయి. అతెనాయిస్ కత్తిరించిన పుటలలో ఏముందో వాటిలోనూ లేదు.